కింది బీపీ 50

నాకు నడుము ఆపరేషన్ జరిగింది 2018 వేసవి సెలవుల్లో. వెన్నులో ఎల్‌4, ఎల్‌5 అనే నాలుగో, ఐదో నడుము పూసల మధ్య డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందన్నారు. జారిన ముక్కను వీపు వైపు నుంచి తీసేశారు. పిరుదు నుంచి మడమ దాకా కాలంతా పీకే నొప్పి మర్నాటికే పోయింది. బడులు తెరిచేసరికి బోర్డు ముందు నిలబడి పాఠం చెప్పగలిగాను. నరం సంగతి వరకు ఆ ఆపరేషన్ బాగానే జరిగింది. దెబ్బ తగిలింది డిస్కుకు అవతల, కడుపు వైపు. అది బయటపడేసరికి 2022 వచ్చింది.

మాది ప్రకాశం జిల్లా కొండపి మండలం. మావారిది పొగాకు వ్యవసాయం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. పుట్టిల్లు కనిగిరి వైపు. ఈ వివరాలు ఎందుకు చెబుతున్నానంటే, నా జబ్బుకు వేసిన తప్పుడు పేర్లన్నీ వీటిలోంచే పుట్టాయి.

2019లో ఎడమ కాలు వాయడం మొదలైంది. సాయంత్రానికి మెట్టెలు బిగిసేవి, సాక్సు గుర్తు పిక్క మీద గాడి పడేది. కొన్నాళ్లకు పిక్క మీద, తొడ లోపలి వైపు సిరలు నీలంగా, లావుగా తేలాయి. చూపిస్తే "టీచరమ్మలకు మామూలేనమ్మా, రోజంతా నిలబడే ఉద్యోగం కదా, వెరికోస్ వెయిన్స్" అన్నారు. బిగుతు మేజోళ్లు రాశారు. రెండు కాళ్ల మీదా నిలబడి పాఠం చెబుతుంటే ఒక్క ఎడమ కాలికే ఎందుకొచ్చిందని అడిగాను. కొందరికి అట్లాగే వస్తుందన్నారు.

అదే సమయంలో బీపీ 150 ఉందని తేలింది. మాత్ర రాశారు. కాలు వాపు ఇంకాస్త పెరిగింది. ఆ మాత్రకు కాళ్లు వాచే గుణం ఉందట, అది నిజమే, అందుకని ఇంకో మాత్ర మార్చారు. ఆ చీటీలన్నీ ఇప్పుడు వరసగా పెట్టి చూస్తే పై అంకె 150కి అటూ ఇటూగా ఉంది. కింది అంకె 60, తర్వాత 56, తర్వాత 52. పై అంకె చూసి అందరూ మందు రాశారు. కింది అంకె గురించి ఒక్కరూ మాట్లాడలేదు. బీపీ అంటే ఎక్కువైతేనే భయం కదా మనకు. తక్కువుంటే మంచిదేననుకుంటాం.

ఇక కడుపులో ఒక రకమైన కదలిక. రాత్రిళ్లు ఎడమ వైపు ఒత్తిగిలి పడుకుంటే బొడ్డు కింద లోపల ఏదో ఆగకుండా వణుకుతున్నట్టు ఉండేది. చెయ్యి పెడితే చేతికి తెలిసేది. అత్తమ్మ వాము నమిలించింది. స్టాఫ్ రూములో ఒకరు పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర చెప్పారు. మన వైపు బొడ్డుకు కిందా పైనా ఏం జరిగినా గ్యాసే. డాక్టర్ల దగ్గర కూడా నేను "గ్యాస్" అనే మాటతోనే చెప్పడంతో వాళ్లూ గ్యాస్ మందే ఇచ్చారు.

2021లో రెండో వేవ్‌లో నాకు కరోనా వచ్చి తగ్గింది. ఆ తర్వాత ఆయాసం మిగిలింది. బడి మెట్లు ఎక్కాలంటే మధ్యలో ఆగాలి. ఊపిరితిత్తుల సీటీ తీస్తే అవి బాగానే ఉన్నాయి గానీ, రిపోర్టు చివర్లో "గుండె పరిమాణం పెరిగింది" అని ఒక లైను ఉంది. ఆ రోజుల్లో ఎవరికి ఏ ఆయాసమొచ్చినా కరోనా ఖాతాలోకే పోయేది. నాదీ పోయింది.

2022 మొదట్లో పరిస్థితి ముదిరింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు. దిండ్లు ఒకదానిమీద ఒకటి పేర్చుకుని సగం కూర్చునే నిద్రపోయేదాన్ని. ఒకరోజు మూత్రం ఎర్రగా వచ్చింది. మావారు పొగాకు ఆరబెట్టే బ్యారన్ కాల్పు మధ్యలో వదిలేసి, ఒంటి మీద ఆ పొగ వాసనతోనే నన్ను ఒంగోలు తీసుకెళ్లారు. అక్కడ కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలో 1.7 వచ్చింది, ఉండాల్సిన దానికంటే ఎక్కువ. మూత్రపిండాల స్కానింగ్‌లో రాళ్లు లేవు, వాపు లేదు. "పుట్టిల్లు ఎక్కడ? చిన్నప్పటి నుంచి ఏ నీళ్లు తాగారు?" అని అడిగారు. కనిగిరి అని చెప్పగానే ఆ డాక్టరు తలాడించిన తీరు చూసి మా ఆయన ముఖం మాడిపోయింది. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు, ఆ ఊళ్లలో కిడ్నీ జబ్బులు, ఈ కథలు మా ఇంట్లో ఎవరూ కొత్తగా వినాల్సినవి కావు. మా చిన్నాన్న డయాలసిస్ మీదే పోయాడు. నాకూ అదే వచ్చిందనుకున్నాం. నీరు లాగే ఇంజెక్షన్ ఇస్తే కాస్త తేలికపడ్డాను. ఇంటికొచ్చిన కొద్ది రోజులకే మళ్లీ మొదలు.

మా మరిది నెల్లూరులో ఉంటాడు. "వదినా, కిడ్నీ సంగతి తర్వాత, ముందు గుండె చూపిద్దాం" అని పొగతోటలో ఒక కార్డియాలజిస్టు దగ్గరకు తీసుకెళ్లాడు. నెల్లూరు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, పొగతోటలో ఇంటికో ఆస్పత్రి, అడుగుకో ల్యాబ్. గంటల తరబడి కూర్చుంటే మా వంతు వచ్చింది. నా పాత రిపోర్టుల కట్ట బల్ల మీద పెట్టాను. ఆయన ముందు దాన్ని తెరవలేదు. నా చెయ్యి పట్టుకుని నాడి చూసి, అరచేయి తాకి, "గుండె బలహీనపడ్డవాళ్ల చేతులు చల్లగా ఉంటాయమ్మా, నీవి వేడిగా ఉన్నాయే" అన్నాడు. నాడి నిమిషానికి 110. బీపీ తనే చూశాడు, 152 మీద 50. మళ్లీ చూశాడు. అంతే వచ్చింది.

ఎకో, అంటే గుండె స్కానింగ్, తీశారు. గుండె గదులు నాలుగూ సాగి ఉన్నాయి, ఊపిరితిత్తుల వైపు ప్రెషర్ పెరిగింది. అయినా గుండె కొట్టే బలం, వాళ్లు ఈఎఫ్ అంటారు, 65 శాతం ఉంది. అంటే మామూలు కంటే తక్కువేం కాదు. ఆయన మాకు చెప్పింది ఇది: "మీ గుండె చెడిపోలేదు. దాని చేత ఎవరో రెండింతల చాకిరీ చేయిస్తున్నారు. ఆ చేయించేదెవరో పట్టుకోవాలి." గుండె అట్లా అతిగా పనిచేయడానికి కారణాలు కొన్నే ఉంటాయట. రక్తం బాగా తగ్గిపోవడం, థైరాయిడ్ ఎక్కువ కావడం, బీ1 విటమిన్ లోపం, ఇంకొన్ని. నా హిమోగ్లోబిన్ 11, థైరాయిడ్ మామూలే. అప్పుడు అడిగాడు, "ఎప్పుడైనా కడుపు మీద గానీ నడుముకు గానీ దెబ్బ తగిలిందా, కత్తిపోటు, ఆపరేషన్ లాంటిదేమైనా?"

డిస్క్ ఆపరేషన్ అన్నాను. ఏ లెవెల్లో అని అడిగాడు. చెప్పాను. బల్ల మీద పడుకోమన్నాడు.

బొడ్డు కింద అరచేయి ఆనించి కాసేపు కదలకుండా ఉంచాడు. తర్వాత స్టెతస్కోప్ పెట్టాడు. తర్వాత పక్క గదిలోంచి ఇద్దరు కుర్ర డాక్టర్లను పిలిచి వాళ్ల చేత వినిపించాడు. చివరికి నా చెవులకే తగిలించాడు. లోపల ఎడతెగని హోరు. గుండె కొట్టినప్పుడల్లా పెద్దదై, మధ్యలో తగ్గి, కానీ ఎక్కడా ఆగదు. మెషినరీ మర్మర్ అంటారట దాన్ని. మా చిన్నాన్నకు డయాలసిస్ కోసం మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ కలిపి కుట్టారు. ఆ చోట వేలు పెడితే ఇట్లాంటి వణుకే తెలిసేది. ఆ మాట చెబితే డాక్టరు నవ్వి, "సరిగ్గా అదే. ఆయనకు కావాలని చేతిలో చేశారు. మీకు తెలియకుండా కడుపులో అయింది" అన్నాడు. ఆర్టీరియో వీనస్ ఫిస్టులా, పొట్టిగా ఏవీ ఫిస్టులా.

ఇన్నేళ్లలో నా కాలు చూశారు, గుండె విన్నారు, ఊపిరితిత్తులు విన్నారు, కిడ్నీలను స్కాన్ చేశారు. కడుపు మీద స్టెతస్కోప్ పెట్టింది ఈయనొక్కడే. అది కూడా అంకెలు పొసగడం లేదని అనుమానం వచ్చాక.

ఎట్లా జరిగిందో ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. గుండె నుంచి కిందికి దిగే బృహద్ధమని నాలుగో నడుము పూస దగ్గర రెండుగా చీలి, ఒక్కో కాలికి ఒక్కో పాయగా పోతుంది. కాళ్ల నుంచి పైకొచ్చే రెండు సిరలు ఐదో పూస దగ్గర కలిసి ఒకటవుతాయి. కుడి కాలికి పోయే ధమని, ఎడమ కాలి నుంచి వచ్చే సిరకు అడ్డంగా దాని మీదుగా దాటుతుంది. ఈ కూడలి ఉన్నది సరిగ్గా ఎల్‌4, ఎల్‌5 డిస్కుకు ముందు. వీపు వైపు నుంచి డిస్క్ ముక్కలు గిల్లి తీసే పనిముట్టు ఒక్క సెంటీమీటరు ఎక్కువ లోతుకు పోయి డిస్కు ముందు పొరను దాటితే తగిలేది వీటికే. చాలా అరుదుగా, వేలల్లో ఒకరికి, జరుగుతుంది. ధమని ఒక్కటే తెగితే కడుపులోకి రక్తం పోయి అక్కడికక్కడే ప్రాణం మీదకొస్తుంది. ధమనికీ దాన్ని అంటుకున్న సిరకూ కలిపి చిల్లు పడితే ధమనిలోని రక్తం బయటికి పోకుండా సిరలోకే పోతుంది. అందుకే ఆపరేషన్ బల్ల మీద ఎవరికీ తెలియకపోవచ్చు. తర్వాత నా పాత డిశ్చార్జి కాగితం తీసి చూస్తే, "మధ్యలో బీపీ తగ్గింది, ద్రవాలతో సరిచేశాం" అని ఒక వాక్యం ఉంది. అంతే.

మా ఆయనకు ఇంకా అర్థం కాలేదు. రక్తం ఒంట్లోనే తిరుగుతుంటే నష్టమేంటి అన్నాడు. డాక్టరు రైతుకు చెప్పినట్టే చెప్పాడు. "పంట కాలువకు గండి పడి నీళ్లు మురుగు కాలువలోకి పోతున్నాయనుకో. చివరి పొలాలకు నీళ్లు అందవు, పైనుంచి ఎంత వదిలినా చాలదు, మురుగు కాలువ పొంగి దాని పక్క పొలాలు మునుగుతాయి." అప్పుడు మావారు నా వంక తిరిగి ఒక్కొక్కటే అప్పజెప్పడం మొదలుపెట్టాడు, బడిలో పిల్లాడిలాగా. కిడ్నీకి రక్తం చాలక క్రియాటినిన్ పెరిగింది. చాలడం లేదు కాబట్టి అది ఉప్పునూ నీటినీ పట్టి ఉంచింది. గుండె రెండింతలు తోడి తోడి సాగిపోయింది. చిల్లు ఎడమ సిరలోకి కాబట్టి ఎడమ కాలే వాచింది. మూత్రాశయం చుట్టూ ఉన్న సిరలు ఉబ్బి రక్తం వచ్చింది. గుండె కొట్టిన రక్తం జారిపోవడానికి సులువైన దారి ఉంది కాబట్టి కింది బీపీ నిలబడలేదు. కరోనా, గ్యాస్, కనిగిరి నీళ్లు, నిలబడే ఉద్యోగం, అన్నీ ఒక్క చిల్లు దగ్గరకొచ్చి ఆగాయి.

వినికిడితో అనుమానం వచ్చినా, ఎక్కడ, ఎంత వెడల్పు అనేది తేలాలంటే సీటీ యాంజియో తీయాలి. అంతకుముందు రక్తం ఎట్లా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ చేశారు. ఎడమ తొడ సిరలో రక్తం మెల్లగా, ఊపిరికి తగ్గట్టు పోవాల్సింది, ధమనిలో పోయినట్టు ఎగిరెగిరి పోతోంది. సీటీకి అయోడిన్ మందు ఎక్కించాలి, అది కిడ్నీల మీద భారం, నా క్రియాటినిన్ ముందే ఎక్కువ. మామూలుగా అయితే ముందు సెలైన్ బాగా ఎక్కిస్తారు. నాకు సెలైన్ ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఈ రెంటి మధ్య ఏం చేయాలో కిడ్నీ డాక్టరును కూడా పిలిచి మాట్లాడుకుని, మందు మోతాదు తగ్గించి, సెలైన్ సన్నగా పెట్టి చేశారు. మోచేతి దగ్గర లావు సూది పెట్టి మిషన్‌తో మందు తోస్తారు. ఒక్కసారిగా గొంతు నుంచి కిందికి ఒళ్లంతా వేడి పాకుతుంది, మూత్రం పోసుకున్నామేమో అనిపిస్తుంది. పోసుకోం. టెక్నీషియన్ ముందే చెప్పకపోతే సిగ్గుతో చచ్చేదాన్ని.

బొమ్మల్లో విషయం మాబోటి వాళ్లకూ కనిపించింది. మందు ముందు ధమనుల్లో వెలగాలి, చాలా సేపటికి సిరల్లోకి రావాలి. నా బొమ్మలో బృహద్ధమనీ, పక్కనే పెద్ద సిరా ఒకేసారి ఒకే తెలుపులో వెలిగాయి. కుడి ధమని నుంచి ఎడమ సిరలోకి, రెండూ దాటుకునే చోటే, చిల్లు. ఎడమ సిర దాని ఉండాల్సిన సైజుకు రెట్టింపు లావుంది.

తనంతట తాను మానేది కాదన్నారు. మందులతో నీరు లాగొచ్చు గానీ చిల్లు మూయనిదే గుండె కోలుకోదు. దారులు రెండు. కడుపు కోసి, ధమనినీ సిరనూ వేరుచేసి కుట్టడం ఒకటి. సిరలో ప్రెషర్ ధమనిలో ఉన్నంత ఉంటుంది, చుట్టూ పాత ఆపరేషన్ తాలూకు అతుకులు, తెరవగానే ఉప్పెనలా రక్తం పోయే ప్రమాదం. గుండె అలసిపోయి ఉన్నప్పుడు అది ఇంకా కష్టం. రెండోది గజ్జల్లోని ధమనిలోంచి లోపలికి పోయి, చిల్లుకు అడ్డంగా గుడ్డ తొడిగిన స్టెంటు పెట్టి లోపలి నుంచే మూసేయడం. గుండెకు వేసే మామూలు స్టెంటు వల గొట్టం, దాని కళ్లలోంచి రక్తం పోతుంది. దీనికి వల మీద గుడ్డ పొర ఉంటుంది కాబట్టి కారదు. నాకు రెండోదే మేలన్నారు. దాన్ని తరచూ చేసే చోటు చెన్నై అని, రక్తనాళాలు చూసే ఒక వాస్క్యులర్ సర్జన్‌కు ఉత్తరం రాసిచ్చారు.

నెల్లూరు నుంచి చెన్నైకి ఆస్పత్రి పనిమీద పోవడం మనకు కొత్తేమీ కాదు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఆ రోజు మా పెట్టెలో సగం మంది చేతుల్లో సీటీ కవర్లే. చెన్నైలో మా ఆయనకు భాష భయం. తీరా చూస్తే వార్డులో నర్సు వెంకటగిరి అమ్మాయి, "ఏమక్కా, ఏ ఊరు మీది" అని పలకరించింది.

అక్కడి సర్జన్ బొమ్మల మీద చాలాసేపు కొలతలు వేశాడు. స్టెంటు చిల్లుకు అటూ ఇటూ మంచి గోడను పట్టుకుని కూర్చోవాలి, ధమని కంటే ఒక పది ఇరవై శాతం వెడల్పుగా ఉండాలి. లేకపోతే జారుతుంది. నాకు వచ్చిన చిక్కు ఏంటంటే, చిల్లుకు కొద్ది కిందనే ఆ ధమని నుంచి కటి భాగానికి పోయే కొమ్మ ఒకటి చీలుతుంది. స్టెంటు ఆ కొమ్మ నోటిని కప్పేస్తుంది. పైనుంచి కప్పి ఊరుకుంటే, ఆ కొమ్మలో అవతలి వైపు నుంచి రక్తం వెనక్కి వచ్చి మళ్లీ చిల్లులోకి పోవచ్చు. కాబట్టి ముందు ఆ కొమ్మలో సన్నటి తీగ చుట్టలు, కాయిల్స్, పెట్టి మూసి ఆ తర్వాత స్టెంటు వేస్తామన్నాడు. "నడిచినప్పుడు కొన్నాళ్లు కుడి పిరుదు నొప్పి పుడుతుంది, భయపడకండి" అని ముందే చెప్పాడు. సంతకం పెట్టించుకునే కాగితంలో మిగతావన్నీ ఉన్నాయి: రక్తస్రావం, కిడ్నీ దెబ్బతినడం, కాలికి రక్తం ఆగిపోవడం, అవసరమైతే కడుపు కోయడం. మావారి చెయ్యి వణికింది. టెన్షన్ నాకూ ఉంది, కానీ దిండ్ల మీద సగం కూర్చుని నిద్రపోవడం కంటే ఏదైనా నయమనిపించింది.

మత్తు పూర్తిగా ఇవ్వలేదు. గజ్జల దగ్గర తిమ్మిరి సూది, కాస్త మగతకు మందు. గది గడ్డకట్టేంత చల్లన. రెండు గజ్జల్లోనూ సూది మార్గం పెట్టారు, ఒక వైపు నుంచి పని, రెండో వైపు నుంచి మందు వదిలి బొమ్మ చూడటానికి. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చారు. కొమ్మలో కాయిల్స్ పెట్టడం నాకు తెలియనే లేదు. తర్వాత చిల్లు దగ్గర బెలూన్ ఉబ్బించి తాత్కాలికంగా అడ్డం పెట్టారు. మానిటర్ మీద నాడి 112 నుంచి తగ్గడం మొదలుపెట్టింది. వందకు దిగింది, తొంభైకి దిగింది. నాకు గుండె ఆగిపోతోందేమోనని భయమేసింది. తల దగ్గరున్న మత్తు డాక్టరు "గుడ్ సైన్, గుడ్ సైన్" అంటున్నాడు. బెలూన్ తగ్గిస్తే మళ్లీ పెరిగింది. ఆ తర్వాత అసలు స్టెంటు విప్పారు. మందు వదిలి చూస్తే ధమని ఒక్కటే వెలిగింది, పక్కన సిర చీకటిగా ఉండిపోయింది. కాసేపటికి బీపీ 130 మీద 72. కింది అంకె 70 దాటడం నేను మళ్లీ ఎన్నేళ్లకో చూశాను.

నాడి అట్లా నెమ్మదించడం గురించి తర్వాత చదివాను. సోషల్ చెప్పేదాన్ని కదా, సంవత్సరాలు లేకపోతే నాకు తోచదు. ఇట్లాంటి చిల్లును వేలితో నొక్కితే నాడి తగ్గుతుందని 1875లో నికొలడోని, 1890లో బ్రన్‌హమ్ గమనించి రాశారు. అందుకే ఆ గుర్తుకు వాళ్లిద్దరి పేర్లూ పెట్టారు. అసలు ధమని సిరలోకి తెరుచుకునే ఈ జబ్బును 1757లో విలియం హంటర్ వివరించాడు. జబ్బు తగ్గాలని మోచేతి సిర కోసి రక్తం తీసే రోజులవి. కత్తి సిరను దాటి వెనకున్న ధమనికి తగిలితే అక్కడ ఈ వణుకు పుట్టేది. నాకు జరిగింది కూడా అదే, చోటు మారిందంతే. డిస్క్ ఆపరేషన్ తర్వాత వచ్చిన ఫిస్టులా గురించి లింటన్, వైట్ అనే అమెరికన్ డాక్టర్లు 1945లోనే రాశారు. ఇక గుడ్డ తొడిగిన స్టెంటును గజ్జల్లోంచి బృహద్ధమనిలోకి ఎక్కించడం 1990లో బ్యూనస్ ఏరిస్‌లో పరోడి చేసి చూపించాక ప్రపంచమంతా పాకింది. ఆయన చేసింది ధమని ఉబ్బుకు, నాకు వాడింది చిల్లుకు.

పని అయిన తర్వాత కాళ్లు ముడవకుండా గంటల తరబడి వెల్లకిలా పడుకోవాలి. చాలా నెలల తర్వాత వెల్లకిలా పడుకున్నానని, ఊపిరి ఆడుతోందని అప్పుడు గమనించాను. ఆ రాత్రి మూత్రం సంచి నిండుతూనే ఉంది. వెంకటగిరి అమ్మాయి మార్చి మార్చి అలిసిపోయింది. ఒంట్లో పట్టి ఉన్న నీరంతా కిడ్నీలు వదిలేస్తున్నాయట. 68 కిలోలున్నదాన్ని ఇంటికొచ్చేసరికి 61కి దిగాను. క్రియాటినిన్ కొన్ని వారాల్లో 0.9కి వచ్చింది. పుట్టింటి నీళ్ల మీద వేసిన నింద అట్లా కొట్టుకుపోయింది.

ఒక్క విషయంలో డాక్టర్లు జాగ్రత్తపడ్డారు. ఇన్నాళ్లూ జోరుగా పారిన ఎడమ సిర ఒక్కసారిగా నెమ్మదించింది, దాని సైజు ఇంకా లావుగానే ఉంది. అందులో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోయే ప్రమాదం ఉంది. అందుకని కొన్నాళ్లు రక్తం పలుచబడే మందు, లేచి నడవడం, మేజోళ్లు. స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, కొన్ని నెలలు క్లోపిడోగ్రెల్. పిరుదు నొప్పి చెప్పినట్టే వచ్చింది. బడి గేటు నుంచి క్లాసుకు నడిచేలోపు పట్టేసేది, నిలబడితే వదిలేది. రోజూ నడుస్తుంటే పక్క కొమ్మల దారి పెరిగి ఆ ఏడాదిలోపే పోయింది.

మెడికల్ రీయింబర్స్‌మెంట్ గురించి నన్ను చాలామంది టీచర్లు అడుగుతారు. వేరే రాష్ట్రంలో చేయించుకున్నాం కాబట్టి మేం ముందు సొంత డబ్బే కట్టాం. స్టెంటు డబ్బా మీద ఉండే స్టిక్కర్, లాట్ నంబర్ ఉన్నది, కేసు షీటు మీద అంటించి దాని నకలు తీసుకోండి, ఇన్‌వాయిస్ విడిగా అడగండి, నెల్లూరు నుంచి పంపిన ఉత్తరం జిరాక్స్ జతచేయండి. నా ఫైలు ఒకసారి వెనక్కి వచ్చింది, "గుండె స్టెంటుకు కాలి డాక్టరు సంతకమేంటి" అని. కడుపులో స్టెంటు అని వివరిస్తూ సర్జన్ చేత మళ్లీ కాగితం రాయించి పంపాం. కట్టినదాంట్లో కొంతే తిరిగొచ్చింది.

ఇప్పుడు ఏడాదికోసారి డాప్లర్ చేయించుకుంటున్నాను. సీటీ మొదటి ఏడాది తీశారు, స్టెంటు కదల్లేదు, కారడం లేదు. గుండె గదులు దాదాపు మామూలు సైజుకు వచ్చాయి. ఎడమ కాలి మీద తేలిన సిరలు చాలావరకు అణిగాయి, రెండు మూడు మిగిలిపోయాయి. బీపీ మాత్ర ఆపేశారు. స్టెంటు వివరాలున్న కార్డు పర్సులో పెట్టుకుని తిరుగుతాను, ఎమ్మారై అన్నా, పన్ను పీకాలన్నా ముందు అది చూపిస్తాను.

పోయిన ఏడాది మా స్కూల్లో ఒక సారు బావమరిది టంగుటూరు నుంచి వచ్చాడు. నడుము ఆపరేషన్ అయింది, కాలు వాస్తోంది, నా సంగతి విని భయపడ్డాడు. బీపీ చూపించుకుని కింది అంకె ఎంతో చెప్పమన్నాను, డాక్టరు చేత కడుపు వినిపించుకోమన్నాను. కింది అంకె 84. కడుపులో ఏ శబ్దమూ లేదు. ఆయనది నిఖార్సైన వెరికోస్ వెయిన్సే. ఒంగోల్లో లేజర్ చేయించుకుని మిర్చి కోతలకు పోతున్నాడు.